వేలం ఇంటి జాకెట్ ముక్క

చెల్పూర్
3 ఆగస్టు 2025

యమునక్కకు,

బావ చేతికి ఇచ్చి పంపిన నువ్వుల లడ్డూలు అందాయి. సగం నీ మరదలు కవిత దాచిపెట్టింది, సగం నేను వెతికి పట్టుకున్నాను.

ఒక్క జిల్లా అవతల ఉన్న అక్కకు ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు. కంకర క్రషర్‌లో మోటర్ల పక్కనే నిలబడి పనిచేసినందుకు నా కుడి చెవి దాదాపు పోయిందని నీకు తెలుసు. ఫోన్‌లో నువ్వు మాట్లాడితే ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. నీకేమో ఫోన్‌లో టైపు చేయడం రాదు. బావ కండక్టర్‌గా ఉన్న బస్సు ఎలాగూ భూపాలపల్లికి వస్తున్నది, మనకు అదే పోస్టాఫీసు.

ఇక అసలు సంగతి. పేపర్లో బ్యాంకు వేలం ప్రకటన చూశాను. మీ జనగామలోనే, పాత మిల్లు గల్లీలో ఒక ఇల్లు. అప్పు కట్టలేదని బ్యాంకు స్వాధీనం చేసుకుందట. వెనక రెండు గదులు, ముందు గల్లీ వైపు షట్టర్ ఉన్న గది. వేలానికి పెట్టడం ఇది మూడోసారి. ప్రతిసారీ ధర తగ్గిస్తూ వచ్చారు, ఇప్పుడు బయట ధరలో మూడింట రెండు వంతులే. నాకు అదే అర్థం కావడం లేదక్కా. ఇంత చవకైన ఇంటిని జనగామలో ఒక్కరూ ఎందుకు కొనలేదు? పగుళ్ళున్నాయా, నీళ్ళు రావా, దయ్యం ఏమైనా ఉందా?

హనుమకొండ డాక్టరమ్మ ఇంకొంత కాలం ఆ చప్పుడులోనే ఉంటే ఎడమ చెవి కూడా దక్కదని తేల్చి చెప్పింది. షట్టర్ గదిలో మోటర్ వైండింగ్ షాపు పెట్టుకుంటే ఇక్కడి నుంచి బయటపడతాను. మన దంతాలపల్లిలో చెలక భూమి అమ్మిన డబ్బు ఉంది. దానికి బయట ధరలో ఇల్లు రాదు, ఇది ఒక్కటే వస్తుంది.

నువ్వు ఒకసారి పోయి చూసి రా. ఎవరమో, ఎందుకు వచ్చామో చెప్పకు. కవితకు కూడా ఇంకా చెప్పలేదు, పని అయ్యాక చెబుతాను.

ఆశతో,
వీరేందర్

*

జనగామ
9 ఆగస్టు 2025

తమ్ముడికి,

లడ్డూలు నీ కోసం పంపితే కవిత దాచిందని చాడీలు రాస్తావా? ఈసారి ఆమె పేరు మీదే పంపుతాను, నువ్వు అడుక్కుని తిను.

నీ ఇల్లు చూసి వచ్చాను. శ్రావణం కదా, జాకెట్లు కుప్పపోసి ఉన్నాయి. అయినా మిషన్ ఆపి మరీ పోయాను. దయ్యం లేదు గానీ మనుషులు ఉన్నారు. ఆ సంగతి నీ పేపర్లో రాయలేదా?

గేటు దగ్గర నిలబడి, "అద్దెకు అర్ర ఏమన్న ఉన్నదా అవ్వా?" అని అడిగాను. ఒక పెద్దావిడ వచ్చింది. పేరు కనకలక్ష్మి. "ఎండల నిలబడి ఏం అడుగుతవు బిడ్డా, లోపటికి రా" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఇల్లంతా తిప్పి చూపించింది. అడగకపోయినా వంటింటి గోడలో చీలిక చూపించింది, బావి మూత తీసి నీళ్ళు చూపించింది. షట్టర్ గది మాత్రం నీకు కుట్టించినట్టే ఉంది, పొడి నేల, మంచి వెలుతురు. వాకిట్లో గోడకు బ్యాంకు కాగితం అంటించారు, దాని మీద ఈవిడ క్యాలెండర్ వేలాడదీసింది. గాలికి క్యాలెండర్ లేస్తే కింద అక్షరాలు కనబడుతున్నాయి. ఇద్దరం చూడనట్టే ఉన్నాము.

మంచం మీద ఆమె భర్త కూర్చున్నాడు. "నల్లా నీళ్ళు మంచిగ వస్తయా బాపు?" అంటే తల ఊపాడు. "వస్తలేవా?" అంటే మళ్ళీ ఊపాడు. కనకలక్ష్మి నవ్వింది. "ఆయన్ని అడుగకు బిడ్డా. రైస్ మిల్లుల పనిజేసి చెవులు పోగొట్టుకున్నడు. మల్లమల్ల అడిగితే ఎదుటోళ్ళు ఇసుక్కుంటరని ఏదడిగినా తల ఊపుతడు" అంది. నాకూ నవ్వు వచ్చింది, తర్వాత పోయింది.

కొడుకు చంద్రమోహన్ వరికోత మిషన్ కోసం అప్పు చేసి మునిగాడట. ఇప్పుడు మహబూబాబాద్‌లో మెకానిక్ పని చేసుకుంటూ తల్లిదండ్రులను రమ్మంటున్నాడు. ఈమె పోనంటుంది.

వచ్చేటప్పుడు నా నుదుట బొట్టు పెట్టి, ఆకుపచ్చ జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. వద్దంటే అనుమానం వస్తుందని తీసుకున్నాను. ఇప్పుడు అది నా మిషన్ పక్కన నన్నే చూస్తూ కూర్చుంది. బొట్టు పెట్టి రవిక గుడ్డ ఇచ్చారంటే ఆ ఇంటి ఆడబిడ్డ కింద లెక్క. ఆ ఇల్లు మనం ఎలా కొంటామురా?

నీ చెవుల్లో డాక్టరమ్మ ఇచ్చిన మందు వేసుకుంటున్నావా?

దీవెనలతో,
అక్క

*

చెల్పూర్
13 ఆగస్టు 2025

అక్కా,

మందు వేసుకుంటున్నాను. చెవి లోపల చల్లగా ఉండడం తప్ప వేరే లాభం కనబడలేదు.

గోడ చీలిక ఎంత వెడల్పుందో రాయలేదు. వేలు పడుతుందా, గోరు పడుతుందా? బావి ఎండాకాలం ఎండుతుందా? బొట్టు గురించి ఒక పేజీ రాశావు, నాకు కావలసినవి రెండు మాటల్లో తేల్చావు.

ఇక్కడ నా తోటి పనివాడు శామ్యూల్‌కు ఈ వేలాల సంగతి తెలుసు. వాళ్ళ బామ్మర్ది ఒకటి కొన్నాడట. శామ్యూల్ నాకు అర్థమయ్యేలా కాగితం మీద రాసి చెబుతాడు, మంచివాడు. ప్రకటనలో "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని ఒక మాట ఉంటుంది. దానర్థం గోడ కూలినా, లోపల మనుషులున్నా బ్యాంకు పూచీ లేదని. స్వాధీనం అన్నది కూడా ఒక్కోసారి కాగితం మీదే ఉంటుందట. మనుషులను పంపించాలంటే కోర్టు, పోలీసులు, నెలలు. "చవక ఎందుకైతదే? ఆ పంచాయితీ మొత్తం నీ నెత్తిన పెడుతున్నరు గనుక చవక" అని రాసి కింద గీత కూడా గీశాడు. వాళ్ళ బామ్మర్ది ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాడట.

అయినా నాకు ఆ షట్టర్ గది కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. బొట్టు పెట్టింది నీకు, వేలం పాడేది నేను. బ్యాంకు వాళ్ళు బొట్టు అడగరు.

ధరావత్తు కట్టడానికి ఆఖరు రోజు 26. నీ మాట లేకుండా ముందుకు పోను. వద్దనుకుంటే ఆ లోపు రాయి. ఉత్తరం రాకపోతే సరేనన్నట్టు అనుకుంటాను.

చీలిక తప్పకుండా కొలిచి రాయి.

వీరేందర్

*

జనగామ
19 ఆగస్టు 2025

వీరేందర్‌కు,

ఆగు. ధరావత్తు కట్టకు. చవక ఎందుకో నాకు తెలిసిపోయింది, నవ్వాలో ఏడ్వాలో తెలియకుండా రాస్తున్నాను.

మొన్న మా టీచరమ్మ విజయ జాకెట్ కుట్టమని ముక్క తెచ్చింది. ఆకుపచ్చది, ఆవపువ్వు రంగు అంచు. నా ముక్క తీసి పక్కన పెడితే రెండూ ఒకే తానులోవి. నిన్న లింగాల ఘనపూర్ దగ్గరి తండా నుంచి తుల్సీబాయి వచ్చింది. ఆమె సంచిలోనూ అదే ముక్క! ఉండబట్టలేక అడిగేశాను. "పాత మిల్లు గల్లీల కనకలక్ష్మి అవ్వ పెట్టిందా?" అని. ఆమె తెల్లబోయింది. పిల్లను జనగామలో చదివిద్దామని ఆమె, ఆమె పెనిమిటి భోజ్యా ఆ వేలం ఇల్లు చూడటానికి పోయారట. వాళ్ళు కూడా అద్దె అర్ర కోసమని చెప్పారట. టీచరమ్మను అడిగితే తనూ అంతేనంది.

"మరి ఎందుకు కొనలేదు?" అన్నాను. తుల్సీబాయి నన్ను వింతగా చూసింది. "బొట్టు పెట్టిచ్చుకున్నంక ఎట్ల కొంటం అక్కా? ఆడబిడ్డ పుట్టిల్లును వేలం పాడుతదా?" అంది.

అర్థమైందా? ఆ పెద్దావిడకు మేమెవరమో మొదటి నుంచీ తెలుసు. వచ్చిన ఆడమనిషికల్లా ఇల్లంతా చూపించి, బొట్టు పెట్టి, తానులోంచి ఒక ముక్క కత్తిరించి ఇస్తూ వచ్చింది. కోర్టుకు పోలేదు, గొడవ పెట్టుకోలేదు. రెండు వేలాలను జాకెట్ ముక్కలతో ఆపేసింది! కోపం రావలసింది, రాలేదు. ఆ తెలివికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నేను మళ్ళీ పోయి సూటిగా మాట్లాడతాను. అంతవరకు ఆగు. కవితకు ఫోన్ చేద్దామంటే చెప్పొద్దన్నావు, అందుకే ఇది రేపటి బస్సుకే పంపుతున్నాను. మామిడి తొక్కు కూడా పెట్టాను, డబ్బా నిలువుగా పట్టుకో.

చీలికలో గోరు పడుతుంది, వేలు పట్టదు.

అక్క

*

చెల్పూర్
29 ఆగస్టు 2025

అక్కా,

26 సాయంత్రం దాకా చూశాను. నీ ఉత్తరం రాలేదు. బస్టాండుకు పోతే బావ బస్సులో వేరే కండక్టర్ ఉన్నాడు. సరేనన్నావనుకుని కవితకు చెప్పి, ధరావత్తు కట్టేశాను. నిన్న వేలం వేళకు శామ్యూల్ కొడుకు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పోటీకి ఎవరూ రాలేదు. ఇల్లు నాకు వచ్చింది. పావు వంతు వెంటనే కట్టాను. మిగతాది పదిహేను రోజుల్లో కట్టకపోతే కట్టింది కూడా పోతుంది.

ఇవాళ పొద్దున బావ సెలవు పెట్టి వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. డ్యూటీ మహబూబాబాద్ బస్సుకు మార్చారట, ఉత్తరం సంచిలో మామిడి తొక్కు కింద ఉండిపోయిందట. సగం అక్షరాలకు నూనె అంటింది. "ఆగు. ధరావత్తు కట్టకు" అన్నది మాత్రం శుభ్రంగా ఉంది.

నాకు సంతోషపడే రోజు లేకుండా చేశావు. ఆమె తెలివికి దండం పెట్టాలనిపించిందని రాశావే, తమ్ముడి చెవుల గురించి ఒక్క ముక్క రాశావా? నేను జనగామకు రావడం నీకు ఇష్టం లేదా? భారమవుతానని భయమా? అలా అయితే మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉండవలసింది.

ఎల్లుండి ఆదివారం నేనే పోయి వాళ్ళతో మాట్లాడుకుంటాను. ఇక నువ్వు కష్టపడకు.

వీరేందర్

*

జనగామ
2 సెప్టెంబర్ 2025

వీరేందర్,

నిన్ను తిట్టడానికి ఈ కాగితం చాలదు. మీ బావను తిట్టడానికి ఇప్పటికే ఒక రోజు సరిపోయింది, మిగిలిన కోపం నీది.

జనగామ వచ్చి నా గడప తొక్కకుండా పోతావా? నువ్వు వస్తావని ఆదివారం నాటుకోడి వండి కూర్చున్నాను. చీకటి పడ్డాక మీ బావ ఒక్కడే తిన్నాడు. నువ్వు భారమని నేనెప్పుడన్నాను? చిన్నప్పుడు దంతాలపల్లి నుంచి బడికి నిన్ను చంకనెత్తుకుని పోయినప్పుడే అనలేదు. ఆమె తెలివిని మెచ్చుకుంటే నీ బాధ తెలియనట్టా? రెండూ నా మనసులో పట్టవా? నీ మాట ఎంతగా గుచ్చుకుందో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇక ఇంకో సంగతి. పాత మిల్లు గల్లీ మొత్తం ఒకటే మాట. "యమున తమ్ముడు దేవుడసొంటోడు. అవ్వ ఏదడిగితే దానికి సరే అన్నడు" అంటున్నారు. ఆరు నెలలు ఉండమన్నావట, అద్దె వద్దన్నావట. ఇల్లు తిరిగి రాసిస్తానన్నావని కూడా ఒకావిడ నా దుకాణం ముందు చెప్పి పోయింది. గోడ మీది నుంచి కళ్ళారా చూసిందట.

ఏం ఒప్పుకున్నావురా నువ్వు? మీ డబ్బంతా పోసి కొన్న ఇల్లు ఎవరికి రాసిస్తున్నావు? కవితకు తెలుసా? నిజం రాయి.

అక్క

*

చెల్పూర్
4 సెప్టెంబర్ 2025

యమునక్కా,

నాటుకోడి సంగతి చదివి తల పట్టుకున్నాను. క్షమించు.

నిజం రాయమన్నావు కదా. నేను ఏం ఒప్పుకున్నానో నాకే తెలియదు.

గట్టిగా మాట్లాడదామనే పోయాను. దారి పొడవునా మాటలు కట్టుకున్నాను. ఆమె గేటు తీసి వాకిట్లో కూర్చోబెట్టింది. ఏదో అడగడం మొదలుపెట్టింది. పక్కనే పిండి గిర్ని నడుస్తున్నది, నాకు పెదవుల కదలిక తప్ప ఏమీ అందలేదు. చెవిటివాడు కొన్నాడని తెలిస్తే తేలికగా చూస్తారని భయపడ్డాను. తల ఊపాను. ఇంకోటి అడిగింది, ఊపాను. మూడోసారి కొంచెం నవ్వుతూ అడిగింది, నేనూ నవ్వి ఊపాను. తర్వాత దగ్గరికి జరిగి, నా ముఖంలోకి చూస్తూ చిన్న మాట ఏదో అంది. దానికీ ఊపాను. అప్పుడు ఆమె నవ్వు పోయింది. లేచి పోయి పెరుగన్నం కలిపి తెచ్చి పెట్టింది. తిన్నాను. కట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత నీ ఇంటికి రావడానికి ముఖం చెల్లక బస్సెక్కేశాను.

12 లోపు మిగతా డబ్బు కట్టాలి. కడితే ఇల్లు నాదే గానీ నేను మాట ఇచ్చానని గల్లీ మొత్తం సాక్ష్యం చెబుతుంది. కట్టకపోతే పావు వంతు పోయి మళ్ళీ క్రషరే. ఎడమ చెవిలో కూడా ఈమధ్య ఈల మొదలైంది. కవితకు చెప్పలేదు.

అక్కా, నువ్వే పోయి ఆమెను అడుగు. నేను దేనికి ఒప్పుకున్నాను? ఆ నాలుగో మాట ఏమిటి? రాత్రింబగళ్ళు అదే ఆలోచన.

నీ తమ్ముడు

*

జనగామ
7 సెప్టెంబర్ 2025

నా తమ్ముడికి,

ఈ ఉత్తరం తొక్కు డబ్బాలో కాదు, మీ బావ చొక్కా జేబులో పెట్టి గుండీ కుట్టేశాను. భూపాలపల్లి బస్సు కండక్టర్‌కు స్వయంగా అందించి, నీ చేతిలోనే పెట్టమని చెప్పాలి. అంతకు ముందే గుండీ తెంపితే నాకు తెలుస్తుంది.

నిన్న పోయాను. ఈసారి అద్దె అర్ర అనలేదు. "అవ్వా, నేను వేలం ఇల్లు చూడటానికే వచ్చిన. కొన్నది నా తమ్ముడే" అన్నాను. "తెలుసు బిడ్డా. జనగామల ఇన్ని ఇండ్లుండంగ నా గేటుకాడికే అందరు అర్ర అడగ వస్తరా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాము. తర్వాత నీ సంగతి అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మొదలు ఆర్నెల్లు ఉండనియ్యి అన్న. తల ఊపిండు. అద్దె ఇయ్యలేను అన్న. ఊపిండు. గింత మంచోడు ఎక్కడ్నుంచి ఒచ్చిండని నాకు అనుమానమొచ్చింది. ఇల్లు మల్ల నా పేరు మీద రాసియ్యి అన్న నవ్వుకుంట. దానికి గూడ ఊపిండు. గోడ మీది నుంచి చూసినోళ్ళకు గదే సంబురం. గని నేను నా ఇంటాయన తల ఊపుడు చూసుకుంటనే ముసలిదాన్నైన. ఒప్పుకునే తల ఏదో, ఇనపడక ఊపే తల ఏదో నాకు తెల్వదా?"

నాలుగో మాట ఏమిటని అడిగాను. ఆమె మంచం మీది భర్త వైపు చూసి చెప్పింది.

"చెవులు ఇనపడయా బిడ్డా, అని అడిగిన. ఊపిండు."

ఏది దాచాలనుకున్నావో అదే ఆమె ముందు ఒప్పుకుని వచ్చావురా తమ్ముడూ. నీ క్రషర్ సంగతి, షాపు సంగతి ఆమెకు చెబుతూ అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు, నాతో పాటు ఏడ్చింది. మిల్లు మానెయ్యమని తన భర్తకు చెప్పినవాళ్ళు ఆ రోజుల్లో ఒక్కరూ లేరట. ఈ షట్టర్ గది అప్పుడే ఉండి ఉంటే ఆయన ఇవాళ మనవడి మాట వినేవాడని అంది.

"ఆరు నెలలు వద్దు, ఏమీ రాసియ్యొద్దు. ఆ పిల్లగాడు మిషన్ల చప్పుడు కాడి నుంచి జల్ది బయటపడాలె" అంది. చంద్రమోహన్‌కు నా ముందే ఫోన్ చేసి, మహబూబాబాద్ వస్తున్నామని చెప్పింది. గోడ మీది క్యాలెండర్ తీసేసింది. బ్యాంకు కాగితం ఎండకు వెలిసిపోయి ఉంది.

మొదటి ఉత్తరంలో ఈ ఇల్లు ఎందుకు చవక అని అడిగావు. శామ్యూల్ రాసింది సగం నిజం. మిగతా సగం నా మిషన్ మీద ఉంది, ఇవాళే కత్తిరించాను. గృహప్రవేశానికి తొడుక్కుంటాను. టీచరమ్మ, తుల్సీబాయి కూడా వస్తారు. ఆ ఇంటి ఆడబిడ్డలందరినీ పిలిచే బాధ్యత నీదే.

కవితకు నీ ఎడమ చెవి గురించి ఈ పూటే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను ఫోన్ చేస్తాను. మిగతా డబ్బు గడువు లోపే కట్టెయ్.

కనకలక్ష్మి అవ్వ ఒకటే కోరింది. ఈ ఒక్క ఏడు బతుకమ్మ ఆ వాకిట్లోనే పేర్చుకుని, దసరా మరునాడు తాళం నీ చేతికి తనే ఇస్తుందట. సరేనా, కాదా?

ఈసారి తల ఊపకు, నాకు కనబడదు. రాసి పంపు.

నీ రాక కోసం కోడిని మళ్ళీ మేపుతున్న
అక్క